మార్చి పధ్నాలుగు ఇంకా అయిపోలేదు

మా ఊరి మున్సిఫ్ కోర్టులో ఆ యేడు మార్చి పధ్నాలుగో తేదీ మూడు నెలల పాటు నడిచింది. నమ్మకపోతే మీ ఇష్టం. నేను రోజూ అక్కడే ఉన్నాను. రోజూ అనకూడదేమో, ఆ ఒక్క రోజూ అక్కడే ఉన్నాను.

నా పేరు వీరభద్రం. ఇవటూరి కామేశం గారనే ప్లీడరు గారి దగ్గర ఇరవై ఏడేళ్లుగా గుమాస్తాని. మీ ఆయన చేసే పనేమిటని ఎవరైనా అడిగితే మా ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేస్తుంది, "వాయిదా రాసుకుని రావడం" అని. నిజమే. అందులో నాకు చిన్నతనమేమీ లేదు. వాయిదా అంటే లోకానికి చులకన గానీ, వాయిదాయే లేకపోతే సాక్షికి జ్వరం ఎప్పుడు రావాలి? ప్లీడరు గారు మేనకోడలి పెళ్లికి ఎప్పుడు వెళ్లాలి? కక్షిదారుల కోపం ఎప్పుడు చల్లారాలి? గట్టు తగాదాతో కోర్టుకెక్కిన ఇద్దరు రైతులు పదహారేళ్లు ఒకే బస్సులో వాయిదాలకు వచ్చిపోతూ చివరికి వియ్యంకులైన వైనం మా ఊళ్లో అందరికీ తెలుసు. తీర్పు మాత్రం ఇంకా రాలేదు. వస్తే సంబంధం చెడుతుందని ఇద్దరికీ భయం.

అలాంటి వాయిదా మీద పైవాళ్ల కన్ను పడింది. "వాయిదా రహిత న్యాయ మహోద్యమం" అని ఒక సర్క్యులర్ దిగింది. ప్రతి కోర్టూ కొత్తగా పడిన దావా ఒకదాన్ని నమూనాగా తీసుకోవాలి. ఒక్క వాయిదా కూడా ఇవ్వకుండా నలభై అయిదు రోజుల్లో విచారణ పెట్టి, విచారణ మొదలైన రోజే ముగించాలి. అలా ముగించిన కోర్టుకు వెండి పూత పూసిన శీల్డు ఇస్తారు.

మా మున్సిఫ్ గారు కొత్తగా వచ్చారు. కుర్రవారు, ఉత్సాహవంతులు. సర్క్యులర్‌కు అద్దం కట్టించి తన కుర్చీ వెనుక గోడకు తగిలించారు. నమూనా దావా డైరీలో "తదుపరి తేదీ" అనే గడిని బెంచి గుమాస్తా భుజంగరావు చేత ఎర్రసిరాతో అడ్డంగా కొట్టించారు. "ఈ గడి ఉండబట్టే గదయ్యా మీరంతా దాన్ని నింపుతున్నారు" అన్నారు. మార్చి నెలాఖరుకు రిటైరవబోతున్న భుజంగరావు ఆ గడిని కొట్టేసి, ఎర్రసిరా ఆరేదాకా దాని మీద ఊదుతూ కూర్చున్నాడు.

నమూనాకు ఎంచినది మా క్లయింటు దావానే. షేక్ నాగుల్‌మీరా అని, కోర్టు ఎదురుగా కుట్టుమిషను కొట్టు పెట్టుకున్నాడు. ఊళ్లో నల్లకోట్లన్నీ అతని చేతి మీదుగా వచ్చినవే. జూన్‌లో బడిపిల్లల యూనిఫారాలు కుడతాడు. ఆ ఒక్క నెల పనే అతనికి ఏడాది కూడు.

ఫిబ్రవరి రెండో తేదీన రోడ్డు భద్రతా వారోత్సవాల కమిటీవారు పెద్ద బజారులో రోడ్డుకు అడ్డంగా తోరణం కట్టారు. దాని మీద "నెమ్మదిగా వెళ్లండి, ఇంట్లో మీ కోసం ఎదురు చూస్తున్నారు" అని బారెడేసి అక్షరాలు. నాగుల్‌మీరా చదువుకున్నవాడు. చదివి, నెమ్మదిగా నడిచాడు. తోరణం అతని కుడి కాలి మీద కూలింది. మోకాలి కింద ఎముక విరిగింది. డాక్టరు తొడ దాకా పిండికట్టు వేసి, మార్చి పదిహేనో తేదీన విప్పుదామన్నాడు.

రెండు రోజుల్లో దావా వేశాం. కమిటీ తరఫు ప్లీడరు గుళ్లపల్లి ప్రభాకరం గారు వేసిన జవాబు నేనే స్వయంగా నకలు తీసుకున్నాను. "తోరణము మీది సూచన వాహనములకే గాని పాదచారులకు వర్తించదు. వాది త్వరితముగా నడచియుండినచో తోరణము అతని వెనుక పడియుండెడిది. వాది తన కాలిని తోరణమునకు అడ్డము పెట్టిన కారణముగా తోరణమునకు కలిగిన నష్టమును గూర్చి ప్రత్యేక దావా వేయు హక్కును ప్రతివాది నిలుపుకొనుచున్నాడు."

దావా పడిన ముప్పై ఎనిమిదో రోజున, మార్చి పధ్నాలుగున, విచారణ. పదిన్నరకు దఫేదారు ఏసుపాదం గుమ్మంలో నిలబడి వాది పేరు మూడుసార్లు, ప్రతివాది పేరు మూడుసార్లు కేక వేశాడు. నాగుల్‌మీరా చంకకర్ర మీద, భార్య బాజీబీ భుజం మీద సమంగా బరువు వేసుకుంటూ లోపలికి వచ్చాడు. ప్రభాకరం గారు లేచారు.

"మా ముఖ్య సాక్షి, కమిటీ సెక్రటరీ గారు, పక్క తాలూకాలో ఇంకొక తోరణం ప్రారంభోత్సవానికి వెళ్లారండి. వాయిదా ఇప్పించవలసిందిగా ప్రార్థన."

"ఇవ్వం" అన్నారు మున్సిఫ్ గారు.

పక్కన మా కామేశం గారి మొహం చూస్తే పాలిపోయి ఉంది. అవతలి ప్లీడరు ఎలాగూ వాయిదా అడుగుతాడనే ధీమాతో ఆయన మా దావా కట్టకు దారమైనా విప్పలేదు. అవతలాయన కూడా అదే ధీమాతో విప్పలేదని కట్ట చూస్తే తెలుస్తూనే ఉంది.

"అయితే పాసోవర్ అయినా ఇప్పించండి" అన్నారు ప్రభాకరం గారు.

పాసోవర్ అంటే తెలియనివాళ్లకు చెబుతున్నాను. ఇప్పుడు పిలిచిన కేసును పక్కన పెట్టి అదే రోజు ఇంకాసేపటికి మళ్లీ పిలవడం. వాయిదా కాదు. ప్లీడరు పక్క కోర్టులో ఉన్నా, కాఫీ తాగుతున్నా దానికే మొక్కుకుంటాం.

మున్సిఫ్ గారు వెనక్కి తిరిగి అద్దంలోని సర్క్యులర్ మొదటి నుంచి చివరి దాకా చదివారు. "పాసోవర్‌ను నిషేధించినట్టు ఇందులో ఎక్కడా లేదు. మంజూరు" అన్నారు. మా కామేశం గారు ఊపిరి పీల్చుకున్నారు.

పన్నెండింటికి పిలిచారు, పాసోవర్. మూడింటికి పిలిచారు, పాసోవర్. అయిదైంది. భుజంగరావు కలం పట్టుకుని డైరీ మీదికి వంగి, ఎర్రసిరా గడి దగ్గర ఆగిపోయాడు.

"అయ్యా, ఇక్కడేం రాయమంటారు?"

"ఏమీ రాయనక్కర్లేదు. పాసోవర్ ఉందిగా."

"రోజు అయిపోవస్తోందండి."

"ఎలా అయిపోతుంది?" అన్నారు మున్సిఫ్ గారు, నిజంగానే ఆశ్చర్యపోతూ. ఆ తర్వాత కళ్లు మూసుకుని ఉత్తర్వు చెప్పారు, భుజంగరావు రాసుకున్నాడు. "నమూనా దావా పాసోవర్‌లో ఉన్నది. పాసోవర్ అనగా అదే దినమున మరల పిలువబడుట. మరల పిలువబడనిదే దినము ముగియుటకు వీలు లేదు. కావున ఈ న్యాయస్థాన ఆవరణకు సంబంధించినంత వరకు మార్చి పధ్నాలుగవ తేదీ గడచిపోయినట్లు ఎవరును భావించరాదు. భోజన నిద్రా స్నానాదుల నిమిత్తము స్వల్ప విరామము ఇవ్వడమైనది."

స్వల్ప విరామం తర్వాత, బయటి లెక్కలో మర్నాడు పదిన్నరకు, మళ్లీ కోర్టు కూర్చుంది. గోడ మీద చింపుడు క్యాలెండర్ పధ్నాలుగు దగ్గరే ఉంది. దాన్ని చింపబోయిన అటెండరుకు భుజంగరావు మెమో ఇచ్చాడు. తేదీ ముద్రను పధ్నాలుగు మీద మైనం పోసి బిగించారు. ప్రభాకరం గారు పాసోవర్ అడిగారు. మంజూరైంది.

నాలుగు రోజుల్లో అందరికీ అలవాటైపోయింది. గేటు లోపల మార్చి పధ్నాలుగు, గేటు బయట ఏ తేదీ వస్తే ఆ తేదీ. ఇరవయ్యో తేదీన పొలం కేసుకు వచ్చిన ఒక పెద్దాయన్ని ఏసుపాదం గేటు దగ్గరే ఆపేశాడు.

"నీ కేసు ఇరవైన గదా, ఇప్పుడొచ్చావేంది?"

"ఇయ్యాల ఇరవయ్యే గదయ్యా!"

"అది రోడ్డు మీద. లోపల ఇంకా పద్నాలుగే. ఆరు రోజులాగి రా."

"ఆరు రోజులాగితే ఇరవయ్యారవుద్ది గదా?"

"రోడ్డు మీద అవుద్ది" అన్నాడు ఏసుపాదం ఓపిగ్గా.

పెద్దాయన కాసేపు గేటుకు ఇవతల ఒక కాలు, అవతల ఒక కాలు పెట్టి ఆలోచించి, బస్సెక్కి వెళ్లిపోయాడు. ఆయన కేసు వాయిదా పడలేదు. అది రాలేదు, అంతే. ఆ నెల మా కోర్టు నుంచి పైకి వెళ్లిన పట్టికలో వాయిదాల గడిలో సున్నా ఉంది. జిల్లాలో మరే కోర్టుకూ అంత గుండ్రటి సున్నా లేదని పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది. దాని మీద ఏప్రిల్ తేదీ ఉన్నందున మున్సిఫ్ గారు దాన్ని అందుకోకుండా, రావలసిన రోజున ఇవ్వమని తపాలా మనిషికే తిరిగి ఇచ్చారు.

ప్లీడర్లకైతే పండగే. బయటి లెక్కలో గడువు మీరిపోయిన దావాలు, మరిచిపోయిన పిటిషన్లు అన్నీ బీరువాల అడుగు నుంచి బయటికి లాగి దర్జాగా దాఖలు చేసుకున్నారు. గేటు లోపలికి ఎప్పుడు తెచ్చినా పధ్నాలుగే గదా. రిటైర్మెంటు వాయిదా పడినందుకు, తప్పు, రిటైర్మెంటు రానందుకు, భుజంగరావు వేంకటేశ్వర స్వామికి ముడుపు కట్టుకున్నాడు.

ఇంతమంది సుఖపడుతున్న చోట ఒక్కడికి కష్టం వచ్చింది. అది నాగుల్‌మీరా కాలు.

అసలు మార్చి పదిహేనున అతను రిక్షా ఎక్కి కట్టు విప్పించుకోవడానికి బయల్దేరబోతుండగానే ప్రభాకరం గారు ఒక పిటిషన్ పడేశారు. వాది కుడి కాలు ఈ దావాలో ముఖ్యమైన సాక్ష్యమనీ, విచారణ దినమున అది ఏ స్థితిలో ఉన్నదో ఆ స్థితిలోనే ఉండాలనీ, కట్టు విప్పితే సాక్ష్యాన్ని తారుమారు చేసినట్టేననీ దాని సారాంశం. మా కామేశం గారు లేచి, "అభ్యంతరం లేదు" అని కూర్చున్నారు. దేనికి అభ్యంతరం లేదన్నారో ఆయనకు తెలియదు. అది ఆయనకు నోటి అలవాటు.

మున్సిఫ్ గారు యథాతథ స్థితి ఉత్తర్వు ఇచ్చారు. స్థలాల మీద, గోడల మీద, ఒకసారి ఒక గేదె మీద ఆ ఉత్తర్వు ఇవ్వడం చూశాను గానీ కాలి మీద చూడటం అదే మొదలు. ఏసుపాదం లక్క కరిగించి పిండికట్టు మీద పైన ఒకటి, కింద ఒకటి కోర్టు సీలు వేశాడు. కింది సీలు వేసేటప్పుడు "కదలమాక, సాక్ష్యం కాలిపోద్ది" అని నాగుల్‌మీరాను కసిరాడు. తర్వాత అతను సమర్పించిన నివేదికలో "కాలు ఒకటి, వేళ్లు అయిదు, గోళ్లు పెరిగి ఉన్నవి" అని ఉంది. గోళ్లు కూడా యథాతథంగా ఉండాలా అనే ప్రశ్న మీద ప్రభాకరం గారు అరగంట వాదించారు. గోళ్ల విషయంలో మున్సిఫ్ గారు దయ తలిచారు.

"ఎన్నాళ్లండీ గుమాస్తా గారూ?" అని నాగుల్‌మీరా నన్నడిగాడు.

"ఈ ఒక్క రోజేనయ్యా" అన్నాను. అప్పటికి నేనూ అలాగే అనుకున్నాను.

ఉగాది వచ్చింది, బయట. భుజంగరావు వాళ్లావిడ క్యారియర్‌లో పచ్చడి పంపితే ఏసుపాదం గేటు దగ్గరే ఆపి, ఇంకా ఉగాది రాలేదని తనే తినేశాడు. ఏప్రిల్ గడిచింది. మే వచ్చి రోళ్లు పగిలే ఎండలు మొదలయ్యాయి. మా కోర్టులో ఫ్యాన్లు ఏప్రిల్ ఒకటో తేదీ నుంచే తిప్పాలని పాత నిబంధన. ఏప్రిల్ ఒకటి రాలేదు గనక ఫ్యాన్లు తిరగలేదు. నల్లకోట్ల కింద ప్లీడర్లు చెమటతో ఉడికిపోతూ పాసోవర్ అడుగుతుండేవాళ్లు. అప్పుడు వాళ్లకు ఇంకో పిడుగు లాంటి సంగతి తట్టింది. వేసవి సెలవులు మే నెలలో గదా ఇస్తారు?

బార్ సంఘం మొత్తం వెళ్లి మున్సిఫ్ గారిని కలిసింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మార్చి నెలలో కూర్చుని మే నెల సెలవులు అడగడం మీకు ధర్మంగా తోస్తోందా? చలికాలం పోయి పట్టుమని నెల కాలేదు" అన్నారు. ఆయన చొక్కా కూడా చెమటకు వీపుకు అంటుకుపోయి ఉంది. ఆ మనిషిలో మోసం లేదు, అది మాత్రం ఒప్పుకోవాలి. ఆయన నిజంగానే మార్చిలో ఉన్నారు.

ఆ ఎండల్లో నాగుల్‌మీరా పడ్డ బాధ చూడలేం. కట్టు లోపల చెమట, చెమట కింద దురద. బట్టలు కొలిచే చెక్క స్కేలు కట్టు సందులోంచి దూర్చి గోక్కునేవాడు. స్కేలు మీద అంకెలు అరిగిపోయాయి. లక్క సీళ్లు కరిగి కారితే ఏసుపాదం వచ్చి మళ్లీ వేసేవాడు. తొడ దాకా ఉన్న కట్టుతో మిషను ముందు కూర్చోవడమే కుదరక, కొట్లో మిషను మీద దుమ్ము పడింది. జాకెట్లకు వచ్చేవాళ్లు వేరే దర్జీని చూసుకున్నారు. బాజీబీ మిషను తొక్కడానికి ప్రయత్నించింది గానీ కోటు కాలరు దగ్గర ఆమెకు చేతకాలేదు.

ఒకరోజు, అంటే అదే రోజు, కేసు పిలిచి ప్రభాకరం గారికి పాసోవర్ ఇస్తుండగా నాగుల్‌మీరా ఇక ఉండబట్టలేక ముందుకు వచ్చాడు.

"అయ్యా, దణ్ణం పెడతా. ఎముక అతుక్కుందని డాక్టరు గారు చెప్తానే ఉన్నారు. ఇంకా ఉంచితే మోకాలు పట్టేసుద్దంట. కట్టు ఇప్పించండయ్యా. కాలుంటేనే నాకు మిషను. మిషనుంటేనే నాకు కూడు."

మున్సిఫ్ గారు అతని వైపు జాలిగా చూశారు. "చూడు నాగుల్‌మీరా, నీ కోసం ఈ న్యాయస్థానం ఒక దినాన్నే ఆపి ఉంచింది. ఏ కక్షిదారుకైనా ఇంత గౌరవం దక్కిందా? నువ్వు ఒక్క రోజు ఓపిక పట్టలేవా?"

"ఈ ఒక్క రోజులో మూడు అమావాస్యలు పోయినయ్యండయ్యా!"

"రోజు గడవనివ్వు" అన్నారు మున్సిఫ్ గారు. కేసు పాసోవర్ అయింది. నాకు అతని మొహం చూడటానికి సిగ్గేసి, నా కట్టల్లోకి తల దూర్చాను.

జూన్ పన్నెండున బళ్లు తెరిచారు. ఖాకీ నిక్కర్ల గుడ్డ, తెల్ల చొక్కాల గుడ్డ చంకన పెట్టుకుని తల్లిదండ్రులు నాగుల్‌మీరా కొట్టు ముందుకు వచ్చి, కాలు చూసి, తిరిగి వెళ్లడం మొదలుపెట్టారు. పదమూడున మున్సిఫ్ గారికి పైనుంచి ఇంకో కాగితం వచ్చింది. శీల్డు ప్రదానం జూన్ ఇరవైన, నమూనా దావా తీర్పు నకలు వెంటనే పంపండి, పంపనిచో శీల్డు పక్క తాలూకా కోర్టుకు ఇవ్వబడును. తేదీ చూసి అందుకోకుండా ఉందామనుకున్నారు గానీ శీల్డు అనే మాట కంటపడింది. ఆయన అడకత్తెరలో పోకచెక్క అయిపోయారు. వాయిదా వేస్తే శీల్డు పోతుంది. వేయకపోతే ఇరవయ్యో తేదీ రాదు.

బయటి లెక్కలో జూన్ పధ్నాలుగు. ఏసుపాదం కేకలు వేశాడు. ప్రభాకరం గారు లేచి పాసోవర్ అడిగారు.

"ఎంతసేపు?" అన్నారు మున్సిఫ్ గారు విసుగ్గా.

"భోజనాల తర్వాతండి."

"ఏ భోజనాల తర్వాత?"

ప్రభాకరం గారు నోరు తెరిచేలోగా హాల్లో కరకరమని చప్పుడైంది. అందరం అటు తిరిగాం. నాగుల్‌మీరా ప్లీడర్ల బల్ల ముందు నేల మీద చతికిలబడి, కోట్ల గుడ్డ కత్తిరించే పెద్ద కత్తెరతో పిండికట్టును కోస్తున్నాడు. మూడు నెలలు చెమటకు నాని, ఎండకు ఎండి ఉన్నదేమో, అది అప్పడంలా పెళుసుగా విరిగి ఊడి వస్తోంది. రెండు లక్క సీళ్లూ ఎగిరి ఏసుపాదం కాళ్ల దగ్గర పడ్డాయి. లోపలి నుంచి మునక్కాడ లాంటి కాలు ఒకటి వెలుగులోకి వచ్చింది. నాగుల్‌మీరా దాన్ని పది గోళ్లతో తనివితీరా, కళ్లు మూసుకుని, పై నుంచి కింద దాకా గోక్కున్నాడు. అంత సుఖం నేను మనిషి మొహం మీద ఎన్నడూ చూడలేదు. తర్వాత బాజీబీ చెయ్యి పట్టుకుని లేచి, నాలుగడుగులు కుంటుతూ నడిచాడు.

"కోర్టు ధిక్కారం! సీలు పగలగొట్టాడు! సాక్ష్యాన్ని నాశనం చేశాడు!" అని ప్రభాకరం గారు బల్ల గుద్దారు.

"రాసుకో" అన్నారు మున్సిఫ్ గారు భుజంగరావుతో, ముక్కుపుటాలు అదురుతుండగా.

"అయ్యా, ఏ తేదీన పగలగొట్టినట్టు రాయను?"

నాగుల్‌మీరాయే చెప్పాడు. "జూన్ పద్నాలుగున పగలగొట్టా. శుభ్రంగా రాసుకోండి."

అప్పుడు జరిగింది నా ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఒక్కసారే జరిగింది. మా కామేశం గారు లేచి వాదించారు. "జూన్ పధ్నాలుగుకు ఇంకా మూడు నెలల గడువుంది. మూడు నెలల తర్వాత చేయబోయే తప్పుకు ఇవాళ శిక్ష వేసే చట్టం ఏదైనా ఉంటే నా మిత్రులు చూపించాలి." అని, తన మాటలకు తనే అదిరిపడినట్టు గబుక్కున కూర్చున్నారు.

మున్సిఫ్ గారు దావా కట్టలోంచి డాక్టరు గారి ధ్రువపత్రం తీసి చదివారు. క్రమంగా ఆయన మొహం విప్పారింది. నాకెందుకో అది మంచి శకునంగా తోచలేదు.

"నిజమే. కట్టు పగలగొట్టడం జూన్ నెల సంగతి. అది ఈ కోర్టు దృష్టికి ఇంకా రాలేదు. కానీ వాది నడవడం కోర్టువారు కళ్లారా చూశారు. కోర్టువారు ఏది చూసినా మార్చి పధ్నాలుగునే చూస్తారు. ప్రభాకరం గారూ, మీ సాక్షి?"

ప్రభాకరం గారు పాదరసం. "మాకు సాక్షి అక్కర్లేదండి. సాక్షి ఎదురుగా నడుస్తూనే ఉన్నాడు."

"కామేశం గారూ?"

"అభ్యంతరం లేదు" అన్నారు మా ప్లీడరు గారు. పాపిష్టి అలవాటు.

తీర్పు అక్కడికక్కడే చెప్పేశారు. "మార్చి పదిహేనుకు గాని ఎముక అతుకదని డాక్టరు గారి ధ్రువపత్రం. మార్చి పధ్నాలుగున వాది ఈ హాలులో నాలుగడుగులు నడచెను. అతుకని ఎముకతో ఎవరును నడువజాలరు. కావున వాది ఎముక ఏనాడును విరిగియుండలేదని స్పష్టమగుచున్నది. తోరణము వాది కాలి మీద మెత్తగానే పడియుండునని భావించుటకు ఆస్కారమున్నది. దావా కొట్టివేయడమైనది. వాయిదాలు: సున్న."

రోజు ముగిసింది. భుజంగరావు క్యాలెండర్ దగ్గరికి వెళ్లి తొంభై రెండు కాగితాలు గుప్పెట పట్టి ఒక్కసారి లాగాడు. జూన్ పధ్నాలుగు బయటపడింది. తను రిటైరై రెండున్నర నెలలైందని అప్పుడు గుర్తొచ్చి, కుర్చీ ముట్టుకోవాలో వద్దో తెలియక డైరీ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎవరో ఫ్యాన్లు వేశారు.

మర్నాడు నేను తీర్పు నకలు తీసుకుని నాగుల్‌మీరా కొట్టుకు వెళ్లాను. దారి పొడవునా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. అతను మిషను ముందు కూర్చుని ఉన్నాడు. కుడి మోకాలు వంగడం లేదు. దాన్ని కొయ్యలా పక్కకు చాపి పెట్టి, ఎడమ కాలు ఒక్కదాంతో తొక్కుతున్నాడు. పక్కన ఖాకీ నిక్కర్ల గుట్ట ఉంది. ఊరివాళ్లు మళ్లీ తెచ్చి ఇచ్చారు, అదొక్కటే మంచి మాట.

"డాక్టరు గారేమన్నారు?"

"ఎముక బంగారంలా అతుక్కుందంటండీ. మోకాలే మూణ్ణెల్లు కదలకుండా బిగుసుకుపోయింది. ఇంక ఇంతే అన్నారు."

తోరణం చేసిన పని నలభై రోజుల్లో నయమైంది. మేము చేసిన పనికి మందు లేదు.

"పై కోర్టుకు పోదామంటే..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఎలా చెప్పను? తీర్పు మీద తేదీ మార్చి పధ్నాలుగు. అప్పీలుకు గడువు ముప్పై రోజులు. తీర్పు చెప్పక ముందే రెండు నెలల కిందటే గడువు అయిపోయింది.

నేను చెప్పినదంతా విని నాగుల్‌మీరా నవ్వాడు. ఏడ్చినా నాకు అంత బాధ ఉండేది కాదు. "ఈ మోకాలుకి ఎవరి మీద దావా వెయ్యాలండీ గుమాస్తా గారూ?" అన్నాడు. అంతలో తనే, "వద్దులెండి. ఇంకో రోజు నేను తట్టుకోలేను" అన్నాడు.

అప్పుడే ఏసుపాదం నల్లగుడ్డ పొట్లంతో లోపలికి వచ్చాడు. శీల్డు అందుకోవడానికి మున్సిఫ్ గారికి కొత్త కోటు కావాలట. ఈ ఊళ్లో కోటు కాలరు నిలబెట్టగలిగినవాడు నాగుల్‌మీరా ఒక్కడే గదా.

"ఇరవయ్యో తేదీ పొద్దునకి కావాలి మీరా. వాయిదాలు చెప్పమాక" అన్నాడు ఏసుపాదం.

"ఛ, నా కొట్లో వాయిదాలేంటి అన్నా? ఇయ్యాలే ఇచ్చేత్తా." నాగుల్‌మీరా గుడ్డ కళ్లకద్దుకుని అరలో పెట్టాడు. తర్వాత లేచి కుంటుతూ వెళ్లి, గోడ మీది క్యాలెండర్‌ను దించి, పదిహేనో తేదీ కాగితం మీద గట్టిగా నాలుగు కుట్లు వేసి మళ్లీ తగిలించాడు.

మున్సిఫ్ గారు పాత కోటుతోనే శీల్డు అందుకున్నారు. చంక దగ్గర పిగిలిందని, చెయ్యి పూర్తిగా ఎత్తలేకపోయారని చూసినవాళ్లు చెప్పారు. ఏసుపాదం ఇప్పటికీ వారానికోసారి కోటు కోసం ఆ కొట్టుకు వెళ్తున్నాడు. మొన్న దసరాలకు వెళ్లినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. బడి నిక్కర్లు ఎప్పుడో అయిపోయాయి, ఎవరివో పట్టు జాకెట్లు కుడుతున్నాడు. ఏసుపాదం గుమ్మంలోంచే గొడవ మొదలుపెట్టాడు.

"ఇయ్యాలే ఇత్తానని ఎన్నాళ్లు తిప్పుతావయ్యా?"

నాగుల్‌మీరా మిషను ఆపి, స్టూలు మీది గుడ్డపేలికలు తీసి, తుడిచి, ఎంతో మర్యాదగా ముందుకు జరిపాడు.

"కూకో అన్నా. తొందరెందుకు? ఇయ్యాల అవనీ."